ఫియట్ స్టీరింగ్ పగుళ్లు: దసరా పోనివ్వు, చలి ముదిరాక పని పట్టు

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. మీ తాత సింగరేణిలో రిటైరయ్యాక కొనుక్కున్న 1968 ఫియట్ 1100, గోదావరిఖనిలో ఇంటి ముందు రేకుల కింద ఏళ్ల తరబడి నిలబడిపోయింది. ఇంజను పని, బ్రేకుల పని చేయించావు. ఇప్పుడు స్టీరింగ్ చక్రం మీద ఎనిమిది పగుళ్లు మిగిలాయి. పోయిన మే నెలలో ఒక పెయింటర్ వాటిలో పుట్టీ నింపి నల్లరంగు కొట్టాడు. సంక్రాంతి వచ్చేసరికి సరిగ్గా అవే చోట్ల మళ్లీ విచ్చుకున్నాయి. మీ బాపు కవర్ తొడిగిద్దామంటున్నాడు, మెకానిక్ చిన్న స్టీరింగ్ కొత్తది వేద్దామంటున్నాడు. దసరా పూజకల్లా బండి తయారు కావాలని నీ టెన్షన్.

నా మాట ముందే చెప్తాను. కవర్ వద్దు, కొత్తది వద్దు, దసరా గడువు కూడా వద్దు. ఆ చక్రం బాగవుతుంది. కానీ పగుళ్లు నింపే పని డిసెంబర్‌లో పెట్టుకో. ఎందుకో అర్థమైతే మిగతా పని సగం నీకే తోస్తుంది. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నేను హన్మకొండలో ముప్పై ఏళ్లకు పైగా పాత బండ్ల పని చేస్తున్నాను. పని నేర్చుకున్నది కాజీపేటలో ఒక ఉస్తాద్ దగ్గర. నా చేత్తో మొదట బాగుచేసిన స్టీరింగ్ కూడా ఫియట్‌దే. మంచి ఎండాకాలం. పగుళ్లు శుభ్రం చేసి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, వారం రోజులు రుద్ది రంగు వేశాను. ఎక్కడ పగిలిందో నేనే వెతుక్కోవాల్సినంత నున్నగా వచ్చింది. ఆ బండి ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారిది. జనవరిలో ఆయన షెడ్డుకు వచ్చి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని చక్రం మీద పెట్టారు. వేలికి సన్నటి గీతలు తగిలాయి, పాత చోట్లనే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సామాను నాసిరకమేమో అనుకున్నాను. ఉస్తాద్ మాత్రం ఒక్కటే అడిగాడు: "ఏ నెలల నింపినవ్ రా?"

చక్రం లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ పోత పోసి ఉంటుంది. వేడికి రెండూ సాగుతాయి, కానీ సమానంగా కాదు. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు పొడవు ఉక్కు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. ఆ కాలపు ప్లాస్టిక్ 0.08 మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సాగుతుంది. చక్రం అడ్డంగా 16 అంగుళాలు అనుకుంటే చుట్టుకొలత దాదాపు 1.28 మీటర్లు. మీ రామగుండం వైపు మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు ఎత్తి ఎండలో పెట్టిన బండిలో, ముందు అద్దం కింద, 65 డిగ్రీలకు తక్కువుండదు. అదే జనవరి తెల్లవారుజామున 15కు దిగుతుంది. అంటే 50 డిగ్రీల తేడా. ఆ తేడాకు ఉక్కు ముప్పావు మిల్లీమీటరు కదిలితే, ప్లాస్టిక్ 5 మిల్లీమీటర్లు కదలాలని చూస్తుంది. లోపలి కడ్డీ దాన్ని కదలనివ్వదు.

ఎండాకాలంలో సాగాలనుకున్న ప్లాస్టిక్‌కు చోటు దొరక్క దానికదే ఒత్తుకుంటుంది. దాంతో పెద్ద నష్టం లేదు. చలికాలంలో ముడుచుకుందామంటే కడ్డీ అడ్డం వస్తుంది. అప్పుడు లాగుడు పడి పగులుతుంది. దీనికి తోడు వయసు. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరై, ప్లాస్టిక్ శాశ్వతంగా కుంచించుకుపోతుంది. నీ ఎనిమిది పగుళ్లలో ఎక్కువ భాగం స్పోక్‌లు వచ్చి అంచుకు కలిసే చోట ఉండాలి, ఒకసారి చూసుకో. అక్కడ ఉక్కు ఎక్కువ, పట్టు ఎక్కువ, లాగుడూ ఎక్కువ.

ఇప్పుడు మే నెలలో పగులు నింపితే ఏమవుతుందో ఆలోచించు. అప్పుడు పగులు దాదాపు మూసుకుపోయి ఉంటుంది. ఆ సన్న సందులో కాస్త సామాను పడుతుంది. చలి రాగానే రెండు వైపులా ప్లాస్టిక్ వెనక్కి లాగుతుంది, అతుకు ఊడుతుంది. డిసెంబర్ చివర్లో, రాత్రంతా చల్లబడిన చక్రం మీద పొద్దున్నే నింపితే పగులు అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ఇక ఎండ వచ్చినా అతుకు ఒత్తుకుంటుందే తప్ప లాగబడదు. ఎపాక్సీ ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది, లాగుడుకే ఓడిపోతుంది. హెడ్మాస్టర్ గారి చక్రాన్ని ఆ జనవరిలోనే మళ్లీ విప్పి, అతుకులన్నీ తీసేసి, పొద్దుటి చలిలో నింపాను. ఆయన ఆ బండి నడిపినన్నాళ్లూ మళ్లీ గీత పడలేదు. అప్పటినుంచి స్టీరింగ్ పని ఎవరు తెచ్చినా, ఎండాకాలంలో విప్పి కడిగి పెట్టడం వరకే చేస్తాను. నింపేది చలిలోనే.

దసరాకు బండిని తప్పకుండా పూజకు పెట్టు. కానీ ఒక పని ముందు చెయ్యి. సీట్లో కూర్చుని చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని నీ వైపు లాగు, ముందుకు తొయ్యి, పైకీ కిందికీ ఊపు. ప్లాస్టిక్ కిర్రుమంటే పర్వాలేదు. స్పోక్ దగ్గర ఉక్కే కదిలినట్టు తోస్తే, లేదా మధ్యనున్న బోసు (చక్రం షాఫ్ట్‌కు బిగిసే దిమ్మ) షాఫ్ట్ మీద ఆడుతుంటే, బండి వీధిలోకి తీయకు. అది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇంకొకటి, పసుపు కుంకుమలు చక్రం మీద పెట్టకు. పసుపు పాత ప్లాస్టిక్‌లోకి ఇంకితే రుద్దినా పోదు, నూనెతో తడిపిన కుంకుమ పగుళ్లలోకి దిగితే తర్వాత సామాను అతుక్కోదు. బానెట్ మీద, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోండి.

మీ బాపు చెప్పిన కవర్ సంగతి. పెద్దాయన ఉద్దేశం మంచిదే, చేతికి పగులు గుచ్చుకోకుండా ఉంటుందని. కానీ కవర్ కింద చెమట ఆరదు. ఆ తడి పగుళ్లలోంచి లోపలి ఉక్కుకు చేరుతుంది. ఉక్కు తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి ప్లాస్టిక్‌ను లోపలినుంచి పగలగొడుతుంది. పదేళ్లు కవర్ వేసి ఉంచిన చక్రాలు విప్పి చూశాను, వాటిలో కొన్ని అతికించడానికి కూడా మిగల్లేదు. మెకానిక్ చెప్పిన చిన్న స్టీరింగ్ అంతకన్నా వద్దు. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు. చక్రం అంత పెద్దగా పెట్టింది తిప్పే బలం తగ్గడానికే. చిన్నది వేస్తే నిలబడిన చోట బండి తిప్పడానికి భుజాలు పోతాయి. పైగా దాని లోపలి పళ్లు మీ షాఫ్ట్ పళ్లతో కచ్చితంగా కలవకపోతే ప్రమాదం.

ఇక పని. విప్పడం దగ్గరే చాలామంది సగం నష్టం చేస్తారు. ముందు బ్యాటరీ వైరు తీసెయ్. ముందు టైర్లు నేరుగా ఉండేలా పెట్టు. హారన్ బటన్ తీసి, కింద ఉన్న స్ప్రింగు, కాంటాక్టు, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకో. నట్టు, షాఫ్ట్, బోసు మీద ఒకే గీతలో పంచ్‌తో చుక్కలు పెట్టు, మళ్లీ బిగించేటప్పుడు అదే చోట కూర్చోవాలి. నట్టును పూర్తిగా తీయకు. చివరి రెండు మూడు చుట్లు మిగిలేలా వదులు చేసి ఆపు. అప్పుడు పుల్లర్ (బోసును పట్టి మెల్లగా బయటికి లాగే పనిముట్టు) పెట్టి లాగు. పుల్లర్ బిగుసుకున్నాక బోసు ఒక్కసారిగా టక్కున వదులుతుంది. నట్టు లేకపోతే చక్రం వచ్చి నీ మూతికి తగులుతుంది. రాకపోతే తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఆగు. సుత్తె మాత్రం పట్టుకోకు. వెనకనుంచి చక్రాన్ని కొడితే ప్లాస్టిక్ పగులుతుంది, షాఫ్ట్ మీద కొడితే చివరి మరలు చెడతాయి, ఆ దెబ్బ కాలమ్ బేరింగులకూ కింద స్టీరింగ్ బాక్సుకూ తగులుతుంది. పుల్లర్ లేకపోతే ఆటోనగర్‌లో ఏ షెడ్డులో అడిగినా గంటకు ఇస్తారు.

చక్రం చేతికొచ్చాక మొదట బోసు వెనక భాగం, హారన్ బటన్ కింద దాగిన భాగం చూడు. ఎండ తగలని ఆ చోటే అసలు రంగు మిగిలి ఉంటుంది. నల్లరంగు గీకితే కింద దంతపు రంగు కనిపించిందని రాశావు. ఆ ఒక్క ముక్క నాకు చాలా చెప్పింది. పాత చక్రాలు కొన్ని ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో, కొన్ని బేకలైట్‌తో చేసేవారు. ఆ రెండూ ఎక్కువగా నలుపు, ముదురు గోధుమ రంగుల్లో వస్తాయి. లేత రంగు చక్రం అంటే సెల్యులోజ్ జాతి ప్లాస్టిక్ అయ్యే అవకాశమే ఎక్కువ. దానికి థిన్నర్ పగవాడు. ఎసిటోన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగుల్లో కలిపే థిన్నర్ తగిలితే పైపొర జిగురుగా కరుగుతుంది. తేల్చుకోవాలంటే బోసు వెనక కనబడని చోట ఒక చుక్క ఎసిటోన్ దూదితో అద్దు. జిగురుగా మారితే నేను చెప్పినట్టే. ఇదే పని నల్ల చక్రం మీద చేసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, కాస్త రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వస్తే రబ్బరు, ఆసుపత్రి ఫినాయిల్ లాంటి వాసన వస్తే బేకలైట్. బేకలైట్ అయితే పొడిగా రుద్దొద్దు. ఆ రోజుల్లో కొన్ని రకాల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. నీళ్లు పెట్టి రుద్దండి, మాస్కు తీయకండి.

నల్లరంగు తీయడానికి కూడా థిన్నర్ వాడకు తమ్ముడూ. పెయింట్ రిమూవర్ అసలే వద్దు. నీళ్లతో, 240 నంబర్ వాటర్ పేపర్‌తో ఓపికగా రుద్దు. విసుగు పని, రెండు రోజులు పడుతుంది. కానీ కింద ఉన్న పొర నిలుస్తుంది. ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్. యాభై ఏళ్ల చేతి జిడ్డు, డ్యాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికాన్, అన్నీ పోవాలి. సిలికాన్ కాస్త మిగిలినా రంగు వేసిన వెంటనే గుండుసూది తలకాయంత గుంటలుగా విడిపోతుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గుడ్డ మీద మట్టి రంగు రాకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ తుడువు. ఈ పనులన్నీ దసరా అయ్యాక, అక్టోబర్, నవంబర్‌లలో చేసుకోవచ్చు. అప్పటికి బండి ఎలాగూ షెడ్డులోనే ఉంటుంది.

పగులు తెరవడం అంటే అందరికీ భయం. ఉన్న పగులును ఇంకా పెద్దది చేయడమేంటి అని. అదే తప్పు. పైపైన నింపిన సామాను గోరంత లోతు కూడా పట్టదు, నీ పెయింటర్ చేసింది అదే. హాక్సా బ్లేడుతో పగులు వెంట కడ్డీ దాకా దిగు. తర్వాత మూడు పలకల ఆకురాయితో వీ ఆకారంలో విప్పు, పైన 4, 5 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేలా. అడుగున బ్లేడు మొనతో పక్కలకు కాస్త తొలిచి పెడితే సామాను గూట్లో ఇరుక్కున్నట్టు కూర్చుంటుంది. లోపలి గోడలు 80 నంబర్ పేపర్‌తో గరుకు చెయ్యి. నున్నటి గోడకు ఏదీ పట్టదు. పగులు పక్కన ప్లాస్టిక్ కడ్డీ నుంచి వదిలేసి డొల్లగా మోగుతుంటే అది కూడా తీసెయ్, గోటితో తట్టి చూస్తే శబ్దంలో తెలుస్తుంది. ఉక్కు కనబడ్డ చోట తుప్పు తప్పకుండా ఉంటుంది. చిన్న వైరు బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ కన్వర్టర్ సన్న కుంచెతో రాసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, మిగిలినది తడి గుడ్డతో తీసి పూర్తిగా ఆరబెట్టు. కడ్డీయే తుప్పుకు సగం తినేసి ఉంటే, లేదా స్పోక్ అతుకు విరిగి ఉంటే, అక్కడితో ఆపెయ్. దాన్ని గోడకు తగిలించుకో, బండికి మాత్రం ఇంకొక మంచి పాత చక్రం వెతుక్కో.

సామాను విషయంలో నా మాట గట్టిది. బాడీ పనికి వాడే పాలిస్టర్ పుట్టీ ఇక్కడ పనికిరాదు. అది ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, తేమ పీలుస్తుంది, ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టదు. ఎపాక్సీయే కావాలి. పగుళ్లకు నేను వాడేది నెమ్మదిగా ఆరే మామూలు అరాల్డైట్. ఐదు నిమిషాల్లో గట్టిపడేది తీసుకోకు, అది తొందర పనికి తప్ప బలానికి కాదు. రెండు ట్యూబులూ సమానంగా, పలక మీద పక్కపక్కనే ఒకే పొడవు పిండి, రంగు ఒకటయ్యేదాకా కలుపు. ఎక్కువ గట్టిపడాలని హార్డనర్ ఎక్కువ వేస్తారు కొందరు. దానివల్ల గట్టిపడదు, మెత్తగా మిగిలిపోతుంది. ఉత్త అరాల్డైట్ రుద్దేటప్పుడు రబ్బరులా సాగి పేపర్‌ను జిడ్డు పట్టిస్తుంది, అందుకని వాసన లేని టాల్క్ పొడి కొద్దికొద్దిగా కలిపి గట్టి పెరుగులా చేసుకో. ముందు పొడి కలపని సామాను సన్న పొరగా గోడలకూ కడ్డీకీ పూసి, దాని మీద ఈ గట్టిది నింపు. అడుగున గాలి బుడగ మిగలకుండా సూదితో పొడుస్తూ నింపాలి. పైన అర మిల్లీమీటరు ఉబ్బుగా వదులు.

ముక్క ముక్కగా ఊడిపోయిన చోట, ముఖ్యంగా వెనకవైపు వేళ్లు పట్టే గట్లు విరిగిన చోట, ఎం-సీల్ మంచిది. పిండిలా పిసికి ఆకారం ఇవ్వొచ్చు, జారిపోదు. తడి వేలితో దువ్వితే నునుపు వస్తుంది. గట్లు ఒకేలా రావడానికి ఒక ఉపాయం ఉంది. బాగున్న గట్టు మీద మందపాటి అట్టముక్క ఆనించి దాని రూపం గీసి కత్తిరించుకో. ఆ అట్టను విరిగిన చోట జరుపుతూ చూస్తే ఎక్కడ ఎక్కువుందో ఎక్కడ తక్కువుందో కంటికి తెలుస్తుంది. మనిషి వేళ్లు కళ్ల కన్నా చురుకైనవి. నడిపేటప్పుడు ఒక గట్టు తేడాగా ఉంటే రోజూ తెలుస్తూనే ఉంటుంది.

చలిలో నింపమన్నాను కదా, ఒక జాగ్రత్త. బాగా చల్లగా ఉంటే ఎపాక్సీ ఆలస్యంగా ఆరుతుంది. మనకది ఇబ్బంది కాదు. డిసెంబర్‌లో కూడా మన వైపు పగలు 28, 30 డిగ్రీలు ఉంటుంది. పొద్దున ఆరు, ఏడు గంటలకు చక్రం చల్లగా ఉండగా నింపి, ఇంట్లో నీడకు ఉంచు. తొందరపడి ఎండలో పెడితే పగులు మూసుకుని, ఇంకా మెత్తగా ఉన్న సామాను పైకి ఉబ్బుకొస్తుంది. ఒక రోజు కాదు, మూడు రోజులు వదిలెయ్. ఆదిలాబాద్ వైపు నుంచి చదివేవాళ్లకు వేరే లెక్క. అక్కడ రాత్రి 5, 6 డిగ్రీలకు పడిపోతుంది. అంత చలిలో ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. పొద్దున తొమ్మిదింటి దాకా ఆగి నింపండి.

రుద్దుడు గురించి ఎక్కువ చెప్పను, చేస్తుంటే వస్తుంది. 120తో ఉబ్బు దించు, 240తో కలుపు, 400 నీళ్లతో ముగించు. పేపర్‌ను సన్నటి పట్టీలుగా చించి, బూటు పాలిష్ చేసే పిల్లవాడు గుడ్డ లాగినట్టు రెండు కొసలు పట్టుకుని లాగితే గుండ్రని అంచు మీద పల్లం పడదు. వేళ్లతో నొక్కి రుద్దితే పడుతుంది. మధ్యలో ఏదైనా ముదురు రంగు స్ప్రే దూరం నుంచి మంచులా చల్లి మళ్లీ రుద్దు. పల్లాల్లో ఆ రంగు మిగిలి ఎక్కడ నింపాలో చూపిస్తుంది. అలా నాకైతే మూడు నాలుగు సార్లు వెనక్కి వెళ్లి నింపాల్సి వస్తుంది, ఇప్పటికీ.

ప్రైమర్‌గా ఎపాక్సీ ప్రైమర్ వెయ్యి. నీ చక్రం ప్లాస్టిక్‌ను పై రంగులోని థిన్నర్ తినకుండా అదే అడ్డుగోడ. మొదటి కోటు తడిగా కాకుండా చల్లినట్టు పొడి పొడిగా వేసి, అది ఆరాక మిగతావి వెయ్యి. పై రంగుకు ఎన్‌సీ వద్దు, చెమటకూ శానిటైజర్‌కూ నిలవదు. పీయూ (పాలీయురెథేన్) రంగు వేయించు, కానీ ఇంట్లో నువ్వు వేసుకోవద్దని నా మాట. దాని హార్డనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులను పట్టుకుంటే జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు. బట్ట మాస్కు, కరోనా మాస్కు దాన్ని ఆపవు. సరైన బూత్ (రంగు కొట్టే గది), సరైన మాస్కు ఉన్న పెయింటర్‌కు రుద్దిన చక్రం ఇచ్చి, రంగు మాత్రం వేయించుకో. నీ పని తొంభై పాళ్లు అప్పటికే అయిపోయి ఉంటుంది.

గోదావరిఖనిలో వేయించేట్టయితే ఒక చిక్కుంది, నీకు నేను చెప్పక్కర్లేదు. బొగ్గు ధూళి. నల్ల బండికి కనబడదు, దంతపు రంగు చక్రం మీద ఒక్క రేణువు పడినా మిరియం గింజలా కనిపిస్తుంది. గాలి లేని వేకువన, తలుపులు మూసి, నేల తడిపి వేయమని చెప్పు. చక్రాన్ని బోసు రంధ్రంలో కడ్డీ గుచ్చి తిప్పుతూ వెయ్యాలి, తాడుకు వేలాడదీస్తే ఊగి ఒకవైపు మందం అవుతుంది. పలుచగా రెండు మూడు కోట్లు, కోటు కోటుకు మధ్య పావుగంట. మెరుపు మరీ అద్దంలా వద్దు. ఆ కాలపు చక్రాలకు మెత్తటి మెరుపే ఉండేది, గోళీలా మెరిసే చక్రం చూస్తే నా మనసు ఒప్పుకోదు. వేశాక వారం దాకా పిడికిలి బిగించి పట్టుకోకు.

క్రోమ్ హారన్ రింగ్ దగ్గర అయస్కాంతం పెట్టి చూడు. పట్టుకుంటే ఉక్కు, మళ్లీ క్రోమ్ చేయించడం తేలిక. పట్టుకోకపోతే ఎక్కువ శాతం జింకు పోత. దాని మీద పొక్కులు వచ్చాయంటే లోపల జింకే తినేసిందని. అలాంటి దాన్ని మామూలు ప్లేటింగ్ షాపులో యాసిడ్‌లో ముంచితే ముక్క కరిగిపోతుంది. జింకు పోత మీద ముందు రాగి, తర్వాత నికెల్, ఆ పైన క్రోమ్ వెయ్యడం చేతనైనవాళ్లకే ఇవ్వాలి, దానికి హైదరాబాద్ పోవాల్సిందే. ఇచ్చే ముందు "ఇది జింకు" అని నోటితో చెప్పు. పొక్కులు తక్కువుంటే ముట్టుకోకుండా మెత్తటి గుడ్డతో తుడిచి అలాగే పెట్టుకోవడం మేలు. నా బండికి అలాగే ఉంది.

బిగించేటప్పుడు షాఫ్ట్ పళ్లు, బోసు పళ్లు శుభ్రంగా తుడువు. పంచ్ చుక్కలు కలిపి చక్రం కూర్చోబెట్టు. కొత్త లాక్ వాషర్ వెయ్యి, నట్టు మరలు అరిగి ఉంటే నట్టూ మార్చు. మాన్యువల్‌లో చెప్పినంత బిగింపు, ఎంత బిగిసిందో కొలిచే టార్క్ పానాతో ఇవ్వు. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. హారన్ కాంటాక్టు మీద వాజ్‌లైన్ చిటికెడు చాలు. తర్వాత చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా తిప్పుతూ ప్రతి చోటా హారన్ నొక్కి చూడు. ఒక్క చోట మోగకపోయినా, తిప్పుతుంటే దానంతటదే మోగినా, కాంటాక్టు సరిగ్గా కూర్చోలేదని. మళ్లీ విప్పు. ఆ తర్వాత మెల్లగా వీధి చివరిదాకా నడిపి, చక్రం నేరుగా ఉన్నప్పుడు బండి నేరుగా పోతోందో లేదో, ఇండికేటర్ తిరిగి దాని చోటుకు వస్తోందో లేదో చూసి, నట్టు ఇంకోసారి తడుము.

ఈ లెక్కన డిసెంబర్ చివర్లో నింపితే జనవరి నెలాఖరుకు చక్రం బండి మీద ఉంటుంది. రంగు కలిపించడానికి షాపుకు పోయే ముందు బోసు కింద మిగిలిన అసలు రంగును ట్యూబ్‌లైటు కింద కాకుండా పొద్దుటి వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టు. పగుళ్లు తెరిచాక కడ్డీ ఎలా ఉందో, ఆ ఫొటో కూడా. నింపేముందు నేనొకసారి చూస్తాను.